ఇష్టమున్న చోట ఎర ఎందుకు?

పదో తరగతి పరీక్షలు దగ్గరపడేకొద్దీ తెలుగు ఇళ్లలో బేరాలు మొదలవుతాయి. 600కు 550 దాటితే కొత్త ఫోను, లెక్కల్లో నూటికి నూరొస్తే గేర్ల సైకిలు, క్లాసులో మొదటి మూడు ర్యాంకుల్లో ఉంటే వేసవిలో ఊటీ. చిన్న తరగతుల్లో ఇదే బేరం చాక్లెట్టుగానో, నోటుపుస్తకం మీద అంటించే స్టారుగానో నడుస్తుంది. పెద్దల ఉద్దేశంలో తప్పేమీ లేదు. కానీ ఏ పనికి ఇస్తున్నాం, ముందే ఆశ పెట్టి ఇస్తున్నామా, దేన్ని కొలిచి ఇస్తున్నాం అన్నవి చూసుకోకుండా ఇచ్చే బహుమతి పిల్లల్లో అప్పటికే ఉన్న ఆసక్తిని తినేస్తుంది. అర్ధశతాబ్దిగా సాగుతున్న పరిశోధన ఈ సంగతి చెబుతోంది. బహుమతి చక్కగా పనిచేసే చోట్లనూ అదే పరిశోధన పట్టి చూపింది. అలాంటి చోట్లలో మన పల్లె బడులూ ఉన్నాయి.

మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీలో చేసిన ప్రయోగం 1973లో వెలువడింది. రంగు మార్కర్లతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను ముందుగా గమనించి ఎంచుకున్నారు. వారిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు ‘బొమ్మ వేస్తే బంగారు రంగు నక్షత్రం, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తాం’ అని ముందే చెప్పారు. రెండో గుంపుకు ఏమీ చెప్పకుండా, వేశాక అదే పత్రం ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత తరగతి గదిలో మార్కర్లు మళ్లీ పెట్టి, ఎవరూ ఏమీ అడగకుండా పక్కనుంచి చూశారు. ఏ బహుమతీ పొందని పిల్లలు తమ ఆట సమయంలో 16.7 శాతం బొమ్మలకు ఇచ్చారు. అనుకోకుండా బహుమతి అందినవారు 18.1 శాతం ఇచ్చారు. ముందే ఆశపెట్టిన గుంపు ఇచ్చింది 8.6 శాతమే. ఆ గుంపు ప్రయోగం రోజున వేసిన బొమ్మల నాణ్యత కూడా తక్కువేనని, ఎవరు ఏ గుంపో తెలియని పరిశీలకులు తేల్చారు.

రెండో గుంపుకూ అదే రిబ్బను దక్కింది, వారి ఇష్టం మాత్రం చెక్కుచెదరలేదు. చెరుపు వస్తువులో లేదు, ముందు పెట్టిన షరతులో ఉంది. ‘నేను ఈ పని ఎందుకు చేస్తున్నాను?’ అన్న ప్రశ్నకు మనసు ఎప్పుడూ ఒక జవాబు వెతుక్కుంటుంది. ‘నాకిష్టం కాబట్టి’ అన్న జవాబున్న చోటికి ‘రిబ్బను కోసం’ అన్న మరో జవాబు తెచ్చిపెడితే, రిబ్బను పోయిన నాడు చేయడానికి కారణం కూడా పోతుంది. అంతకు రెండేళ్ల ముందే ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థుల్లో ఇదే గమనించారు. ఘన ముక్కలతో ఆకారాలు పేర్చే ఆటలో ఒక్కో ఆకారానికి డాలరు చొప్పున ఇచ్చి, తర్వాతి విడతలో ఆపేస్తే, ఖాళీగా వదిలిన ఎనిమిది నిమిషాల్లో వారు ఆ ఆట మీద పెట్టే సమయం తగ్గింది.

ఈ నిర్ధారణలపై వాదోపవాదాలు లేకపోలేదు. బహుమతి వల్ల సాధారణంగా నష్టం లేదని 1994లో జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ వాదించారు. 1999లో డెసీ, కోస్ట్‌నర్, రయాన్ 128 ప్రయోగాలను కూడగట్టి చూసి, ముందే చెప్పి ఇచ్చే వస్తు రూప బహుమతులు ఆసక్తిని తగ్గిస్తున్నాయని, కాలేజీ విద్యార్థుల కంటే చిన్నపిల్లల్లో ఈ నష్టం ఎక్కువని చూపారు. అయితే పని మొదటి నుంచీ విసుగు పుట్టించేదైతే అక్కడ పోగొట్టుకోవడానికి ఇష్టమే లేదు కాబట్టి, బహుమతి వల్ల చెడేదీ పెద్దగా లేదు. తల్లిదండ్రులు, టీచర్లు అన్నిటికంటే ముందు పట్టుకోవలసినది ఈ తేడానే.

ఇప్పుడు మన బడుల సంగతి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ దాన్ని క్షేత్రంలో నడిపింది. లాటరీ పద్ధతిలో ఎంచిన వంద బడుల్లో ఏ టీచరుకు ఆ టీచరు పిల్లల ప్రగతిని బట్టి, మరో వంద బడుల్లో టీచర్లందరికీ కలిపి బోనస్ ప్రకటించారు. ఇంకో వంద బడులను పోల్చి చూడటానికి ఉంచారు. పిల్లల సగటు మార్కులు కనీస హద్దును మించి పెరిగిన ప్రతి ఒక్క శాతానికీ 500 రూపాయలు. సగటున టీచరుకు అందింది ఏడాది జీతంలో దాదాపు 3 శాతం, అంటే ఒక నెల జీతంలో మూడో వంతు మాత్రమే.

రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందుకెళ్లారు. వందమంది పిల్లలను మార్కుల వరుసలో నిలబెడితే, నడిమధ్యలో ఉన్నవాడు లెక్కల్లో సుమారు పది స్థానాలు ముందుకు జరిగినట్టు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లోనూ మార్కులు పెరిగాయి. టీచర్ల గైర్హాజరీ మాత్రం తగ్గలేదు. మారింది, వచ్చిన రోజున చేసే పని. హోంవర్కు, అదనపు తరగతులు, నమూనా పరీక్షలు, వెనకబడిన పిల్లలపై ధ్యాస పెరిగాయి. ఐదేళ్లు గడిచాక ఎవరి బోనస్ వారికున్న బడుల్లో ఫలితం ఇంకా బలపడింది, ఉమ్మడి బోనస్ బడుల్లో నీరుగారింది.

ఈ పథకం ఎందుకు వికటించలేదో దాని కట్టుబాటులోనే కనిపిస్తుంది. గెలిచేవారి సంఖ్యకు పరిమితి లేదు, ఒక టీచరుకు వస్తే పక్క టీచరుకు పోయేదేమీ లేదు. కొలిచింది పిల్లలు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరారన్నది, కాబట్టి ఊరి చివర బడిలోని టీచరుకూ అవకాశం దక్కింది. పరీక్ష పెట్టింది, దిద్దింది బయటి బృందం. మొత్తం చిన్నది, కాబట్టి ప్రలోభం కంటే గుర్తింపుగానే అందింది. ఈ కట్టుబాటు లేని చోట ఏమవుతుందో అమెరికాలోని అట్లాంటా నగరం చూసింది. అక్కడ పరీక్ష లక్ష్యాలకు బోనస్‌లు, ఉద్యోగాలు ముడిపెట్టారు, జవాబు పత్రాలు మాత్రం బడి చేతుల్లోనే వదిలేశారు. 44 బడుల్లో 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు మార్కుల మోసంలో పాలుపంచుకున్నారని 2011లో దర్యాప్తు నివేదిక తేల్చింది. పిల్లల తప్పు జవాబులను చెరిపి టీచర్లే ఒప్పులు దిద్దారు.

నూరు శాతం ఉత్తీర్ణత తెచ్చిన ప్రధానోపాధ్యాయుడికి శాలువా, తేనివారికి సంజాయిషీ నోటీసు అన్న మన పద్ధతి వీటిలో దేనికి దగ్గరగా ఉందో విద్యాశాఖలు ఆలోచించాలి. ఉత్తీర్ణత శాతం పిల్లవాడి తుది మెట్టును మాత్రమే చూస్తుంది. ఆరో తరగతిలో అక్షరాలు కూడబలుక్కునే పిల్లలను తీసుకుని పదిలో గట్టెక్కించిన బడికీ, ప్రవేశ పరీక్షతో ఏరి చేర్చుకున్న బడికీ ఒకే శాలువా న్యాయం కాదు. సత్కారం ఇవ్వదలిస్తే జూలైలో బయటివారితో ఒక పరీక్ష, మార్చిలో మరొకటి పెట్టించి, తేడాను చూసి ఇవ్వాలి.

పిల్లలకు నేరుగా డబ్బిస్తే? ఆర్థికవేత్త రోలాండ్ ఫ్రయర్ అమెరికా నగరాల్లో అదీ పరీక్షించారు. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు, షికాగోలో తరగతి గ్రేడ్లకు డబ్బిస్తే చదువు మెరుగుపడలేదు. పిల్లలు ఉత్సాహపడ్డారు గానీ, ఎక్కువ సంపాదించాలంటే ఏం చేయాలని అడిగితే ప్రశ్నలు జాగ్రత్తగా చదవాలి అన్నారే తప్ప, టీచరును అడిగి నేర్చుకుంటాం అన్నవారు లేరు. డాలస్‌లో రెండో తరగతి పిల్లలకు పుస్తకం చదివి చిన్న క్విజ్‌లో 80 శాతం తెచ్చుకుంటే రెండు డాలర్లు ఇచ్చారు. అక్కడ చదివి అర్థం చేసుకునే శక్తి పెరిగింది. పుస్తకం తెరవడం పిల్లవాడి చేతిలో ఉన్న పని. ర్యాంకు అతని చేతిలో లేదు, పక్కవాడు ఎంత చదివాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది. మొదటి మూడు ర్యాంకులకు ఊటీ అన్న బేరం కూలేది ఇక్కడే.

ఇంట్లో చేయదగినది ఇది. ఏ బహుమతీ ప్రకటించకముందు రెండు వారాలు పిల్లను గమనించండి. ఎవరూ చెప్పకుండానే ఏం చేస్తోంది? కథలు చదువుతోందా, రేడియో విప్పుతోందా, ముగ్గులు వేస్తోందా? ఆ పనికి ఏ షరతూ, ఏ ధరా పెట్టకండి, సరంజామా సమకూర్చి ఊరుకోండి. ఎక్కాలు, చేతిరాత, స్పెల్లింగుల వంటి విసుగు పనులకు చిన్న బహుమతి పెట్టవచ్చు. రోజూ 20 నిమిషాలు కూర్చుంటే ఆదివారం తనకిష్టమైన టిఫిన్ అన్నంత చాలు. అది నాలుగు వారాలకే అని మొదటి రోజే చెప్పాలి. గడువు చెప్పకుండా సాగదీసి హఠాత్తుగా ఆపితే పిల్లలకది శిక్షలా తోస్తుంది. పెద్దగా మొదలుపెడితే ప్రతి ఏడూ పెంచక తప్పదు. అన్నాతమ్ముళ్ల మధ్య పందెం పెడితే ఓడే పిల్లవాడు నెల తిరక్కుండానే ప్రయత్నం మానేస్తాడు. తరగతి గోడమీది స్టార్ చార్టులోనూ అదే జరుగుతుంది. పైనున్న ఐదు పేర్లు సంక్రాంతికీ అవే, వేసవికీ అవే.

మెచ్చుకోలుకు ఖర్చు లేదు, కానీ అదీ తెలిసి చేయాలి. డెసీ బృందం 1999 నాటి లెక్కలో మాట రూపంలోని ప్రశంస కాలేజీ వయసువారిలో ఆసక్తిని పెంచింది, చిన్నపిల్లల్లో అంత ప్రభావం కనబడలేదు. ‘బంగారు తల్లీ, నువ్వే ఫస్టు’ అన్న మాటలో పిల్లకు నేర్చుకోవడానికి ఏమీ దొరకదు. ‘మూడో మెట్టు దగ్గర ఆగి, హారాలు సమానం చేశావు, అందుకే లెక్క తేలింది’ అంటే తాను చేసిన పని తనకు కనిపిస్తుంది, రేపు మళ్లీ చేయగలుగుతుంది.

వేసవిలో రెండు రాష్ట్రాల గ్రంథాలయాల్లోనూ పిల్లల శిబిరాలు నడుస్తాయి. ముగింపు రోజున ఎక్కువ చదివినవారికి స్టీలు డబ్బాలు, జ్ఞాపికలు పంచే అలవాటున్న నిర్వాహకులు 2008లో బార్బరా మారినాక్, లిండా గాంబ్రెల్ అమెరికాలో మూడో తరగతి పిల్లలపై చేసిన అధ్యయనాన్ని పరిగణనలోకి తీసుకోవాలి. చదివినందుకు చిల్లర వస్తువులు పొందినవారి కంటే, పుస్తకమే బహుమతిగా పొందినవారు, ఏ బహుమతీ పొందనివారు తర్వాత మళ్లీ ఎక్కువగా పుస్తకం వైపు వెళ్లారు. డబ్బాలకు పెట్టే సొమ్ముతో పిల్లల పుస్తకాలు కొని ఒక బల్లమీద పరచి, శిబిరానికి వచ్చిన ప్రతి పిల్లకూ నచ్చినదొకటి ఇంటికి తీసుకెళ్లే వీలు ఈ ఏడాదే కల్పించవచ్చు.