ఎన్ని ఓడారని కాదు, ఎవరితో ఆడారని అడగండి

ఎస్‌ఈసీ అంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో దక్షిణాది యూనివర్సిటీ జట్ల కూటమి, అంటే కాన్ఫరెన్స్. 2020 తప్పిస్తే 1992 నుంచి జట్టుకు ఎనిమిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లతో, అంటే తమలో తాము ఆడుకునే మ్యాచ్‌లతో, సరిపెట్టుకుంటూ వచ్చిన ఈ కూటమి 2026 సీజన్ నుంచి తొమ్మిది ఆడబోతోంది. 2025 ఆగస్టులో ఈ నిర్ణయం వెలువడగానే ఇదంతా టీవీ డబ్బుల కోసమేనని పెదవి విరిచినవాళ్లు చాలామంది. డబ్బు లేదని ఎవరన్నారు? అయినా అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈసారి ఇంతకంటే గట్టి షెడ్యూల్ మరే కాన్ఫరెన్స్‌కూ లేదు. ఆ కష్టానికి విలువ కట్టాల్సిన, జాతీయ టైటిల్ పోరుకు పన్నెండు జట్లను ఎంచే ప్లేఆఫ్ సెలక్షన్ కమిటీ మాత్రం ఇంకా వేళ్ల మీద ఓటములు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

ముందు చిన్న లెక్క. పదహారు జట్లు ఎనిమిదేసి మ్యాచ్‌లు ఆడితే మొత్తం 64. తొమ్మిదేసి ఆడితే 72. అంటే అదనంగా ఎనిమిది మ్యాచ్‌లు, వాటితోపాటు ఎనిమిది ఓటములు. అవి ఎస్‌ఈసీ జట్ల ఖాతాలోనే పడతాయి, తప్పించుకునే దారి లేదు. దీనికి తోడు ప్రతి జట్టూ ఏటా మిగతా పెద్ద కాన్ఫరెన్స్‌లైన బిగ్ టెన్, ఏసీసీ, బిగ్ 12 జట్లలో ఒకదానితోనో, ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరని నోటర్‌డామ్‌తోనో ఆడి తీరాలన్న నిబంధన కూడా ఉంది. పన్నెండు మ్యాచ్‌లలో పది ఇలా గట్టివాళ్లతోనే గడిచిపోతాయి. 2024 నవంబరులో ఎస్‌ఈసీ జట్టు అలబామా, చిన్న జట్టు మెర్సర్‌ను పిలిచి 52-7తో, 2025 నవంబరులో అలాంటిదే ఈస్టర్న్ ఇల్లినాయ్‌ను పిలిచి 56-0తో చితక్కొట్టింది. సీజన్ చివర్లో కాళ్లు చాపుకోవడానికి పెట్టుకున్న ఇలాంటి మ్యాచ్‌లను చూసి బిగ్ టెన్ అభిమానులు ఏళ్ల తరబడి ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి న్యాయమైనదే. ఇకమీదట అలాంటి విందులకు చోటు తగ్గుతుంది.

ఎస్‌ఈసీలోని టెక్సస్ యూనివర్సిటీ జట్టు సంగతి చూడండి. సెప్టెంబరు 12న దాని సొంతూరు ఆస్టిన్‌కు బిగ్ టెన్ జట్టు ఒహాయో స్టేట్ వస్తోంది. ఆ తర్వాత టెనెసీ, ఎల్‌ఎస్‌యూ, టెక్సస్ ఏ అండ్ ఎం జట్లతో వాళ్ల మైదానాల్లోనే ఆడాలి. అక్టోబరులో డాలస్ కాటన్ బౌల్‌లో ఓక్లహోమాతో ఎప్పటి పోరు ఉండనే ఉంది. ఆస్టిన్‌లో పిల్లల్ని చదివిస్తున్న డాలస్ శివార్ల ఫ్రిస్కో, ఇర్వింగ్ తెలుగు కుటుంబాలకు ఈ జాబితా చూపిస్తే, ఏ వారం ఊపిరి పీల్చుకోవాలని అడుగుతారు.

ఇదే టెక్సస్ 2025 సీజన్‌ను ఒహాయో స్టేట్ ఊరు కొలంబస్ వెళ్లి, అప్పటి జాతీయ చాంపియన్ అయిన ఆ జట్టుతోనే మొదలుపెట్టింది. 14-7తో ఓడింది. నవంబరు చివరికి తొమ్మిది గెలుపులు, మూడు ఓటములతో (9-3) నిలిచింది. అప్పటివరకూ ఓటమే ఎరుగని ఏ అండ్ ఎంను 27-17తో ఓడించింది కూడా. అయినా ఏ అండ్ ఎం ప్లేఆఫ్‌కు వెళ్లింది, టెక్సస్ ఇంట్లో కూర్చుంది. ఆగస్టులో కొలంబస్ వెళ్లకుండా ఏదో అనామక జట్టును ఆస్టిన్‌కు పిలిపించుకుని ఉంటే రికార్డు 10-2 అయ్యేది, కమిటీ గదిలో చర్చ ఇంకోలా నడిచేది. తేలిక పేపరు ఎంచుకున్నవాడికి ర్యాంకు ఇచ్చి, కఠినమైన పేపరు రాసినవాణ్ణి బయట నిలబెడితే, వచ్చే ఏడాది కఠినమైన పేపరు ఎవడు రాస్తాడు?

టెక్సస్ మునిగింది ఫ్లోరిడా చేతిలో, ఒహాయో స్టేట్ చేతిలో కాదని వాదించేవాళ్లున్నారు. 4-8తో ముగిసిన జట్టు చేతిలో ఓడటం తప్పే, ఒప్పుకోవాలి. బిగ్ టెన్ వైపు ఇంకో వాదన కూడా ఉంది: గత మూడు టైటిళ్లూ మిషిగన్, ఒహాయో స్టేట్, ఇండియానా పట్టుకుపోయాయి, మూడూ బిగ్ టెన్ జట్లే. ఓల్డ్ డొమినియన్, కెన్నెసా స్టేట్, ఇండియానా స్టేట్‌లతో సీజన్ మొదలుపెట్టిన ఇండియానా, రోజ్ బౌల్‌లో అలబామాను 38-3తో మట్టికరిపించింది. ఇండియానా గొప్ప చాంపియన్, అందులో సందేహం లేదు. కానీ ట్రోఫీ ఎవరు ఎత్తారన్నది వేరు, పన్నెండు స్థానాలు ఎవరికి దక్కాలన్నది వేరు. నేను మాట్లాడుతున్నది రెండోదాని గురించి.

అసలు ఈ షెడ్యూల్‌లో నాకు నచ్చింది కష్టం ఒక్కటే కాదు, ఇందులో ఇరుగుపొరుగు మిగిలి ఉంది. ప్రతి జట్టుకూ ఏటా ఆడే ప్రత్యర్థులు ముగ్గురు, మిగతా ఆరుగురు మారుతుంటారు. టెక్సస్‌కు ఆ ముగ్గురు ఓక్లహోమా, ఏ అండ్ ఎం, ఆర్కన్సా. 1969 డిసెంబరులో ఆర్కన్సా ఊరు ఫేయెట్‌విల్‌లో టెక్సస్ 15-14తో గెలిచినప్పుడు అధ్యక్షుడు నిక్సన్ స్వయంగా మైదానానికి వచ్చారు. ఆ పగ మళ్లీ ఏటా రగలబోతోంది. 2011లో ఆగిపోయిన టెక్సస్, ఏ అండ్ ఎం పోరు 2024లో తిరిగి మొదలైంది. జార్జియా, ఫ్లోరిడాల మ్యాచ్ జాక్సన్‌విల్ స్టేడియం మరమ్మతుల వల్ల ఈసారి అట్లాంటాలో జరుగుతోంది. అట్లాంటా శివారు ఆల్ఫరెట్టా తెలుగువాళ్లకు కలిసొచ్చిన అదృష్టం.

మరి మిగతా దేశం? లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ కాన్ఫరెన్స్ మ్యాచ్ కోసం న్యూజెర్సీలోని రట్గర్స్‌కు ఎగిరి వెళ్లాల్సి వస్తోంది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ తీరపు జట్ల సరసన ఆడుతోంది. నూరేళ్లు దాటిన పసిఫిక్ కాన్ఫరెన్స్‌ను రెండేళ్లలో ముక్కలుచెక్కలు చేసి పంచుకున్నారు. ఎస్‌ఈసీ చేతులకూ మసి లేకపోలేదు. ఓక్లహోమాను లాక్కొచ్చి ఓక్లహోమా స్టేట్‌తో ఏటా జరిగే పోరుకు గండికొట్టింది. చివరి మ్యాచ్ 2023లో జరిగింది. అయినా బస్సులో వెళ్లి చూడగలిగే మ్యాచ్‌లు, తాతల నాటి పందేలు ఇంకా ఎక్కువగా మిగిలింది ఇక్కడే.

కమిటీ 2025 సీజన్‌కు ముందు షెడ్యూల్ కష్టానికి ఎక్కువ బరువిస్తామంటూ కొత్త కొలమానాలు ప్రకటించింది. నాలుగు నెలల తర్వాత టెక్సస్‌కు తలుపు మూసింది. ఈ సెప్టెంబరులోనూ ఒహాయో స్టేట్ గెలిచి, డిసెంబరులో మళ్లీ అదే తీర్పు వస్తే, పెద్ద జట్లతో ఒప్పందాలు రాసుకున్న అథ్లెటిక్ డైరెక్టర్లు (యూనివర్సిటీ క్రీడా విభాగాల అధిపతులు) చేసే మొదటి పని వాటిలో రద్దు నిబంధన ఏ పేజీలో ఉందో వెతకడమే.