కందిపప్పు ఎవరు చూస్తున్నారు?

గురువారం బెంగళూరులో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో నేర్పడానికి రెండు గంటల క్లాసు పెట్టారు. ఆ రెండు గంటల్లో ఆగిన పని శుక్రవారం రాత్రి పదింటిదాకా కూర్చుని తీర్చాం, అది వేరే సంగతి.

క్లాసు చెప్పినాయన మాత్రం సరుకున్నవాడే. సెలవు రోజున ఒళ్ళు ఇంటికొస్తే చాలదట, మనసు కూడా ఆఫీసు గేటు దాటాలట. సొన్నెన్‌టాగ్, ఫ్రిట్జ్ అని ఇద్దరు పరిశోధకులు 2007లో పని అలసట తీరే దారులు నాలుగని తేల్చారు, అందులో ఇదొకటి. మరి మనసెందుకు దాటదయ్యా అంటే, పూర్తయిన పనికన్నా సగంలో ఆగిన పనే ఎక్కువ గుర్తుంటుందని 1927లోనే బ్లూమా జైగార్నిక్ అనే ఆవిడ చెప్పింది. దానికి మందు: మిగిలిన పనులు కాగితం మీద రాసి, ఏది ఎప్పుడు చేస్తామో పక్కనే వేసుకోవడం. అప్పుడు బుర్ర పట్టు వదులుతుందట.

శుక్రవారం రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర బుద్ధిగా రాశాను. ఏడు పనులు. నిద్రకళ్ళతోనే ఫొటో తీసి, "సోమవారానికి ఇవీ" అని టీమ్ గ్రూపులో పడేసి, ఫోన్ ఆపి మా ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి పూడ్చింది.

"ఆదివారం రాత్రిదాకా అడగకండి. రేపు అలా లాల్‌బాగ్‌కి వెళ్ళి, వచ్చేటప్పుడు గాంధీ బజార్లో సరుకులు తెండి. చీటీ టేబుల్ మీదుంది."

మారతహళ్ళి నుంచి ఫోన్ లేకుండా బయల్దేరడం ఎలా ఉంటుందో చెప్పలేను. యూపీఐ లేదు, చేతిలో నోట్లు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట, 240 ఎకరాలు, నేను చూసింది మాత్రం నా జేబు. లేని ఫోన్ తొడ మీద రెండుసార్లు వణికింది. చివరికి కెంపేగౌడ గోపురం ఉన్న బండెక్కి కూర్చున్నాను. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళట. ఇన్నేళ్ళలో దాన్ని ఒక్కడూ "ఎంతవరకు వచ్చింది?" అని అడిగుండడు. ఆ మాట తట్టగానే, ఏమిటో, నిజంగానే ఒళ్ళు తేలికైంది. పల్లీల పొట్లం కొనుక్కుని ఒక్కొక్కటే నములుతూ గంటసేపు ఆఫీసు ఊసే లేకుండా కూర్చున్నాను. పావురాలు చూశాను. పావురాల్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

ఆ హాయిలోనే గాంధీ బజార్లో కొట్టాయనకి చీటీ అందించాను. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్ళు కదా, కూడబలుక్కుని పైకే చదివాడు.

"ప్రొడక్షన్... బగ్గు... సోమ, పది." కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇదు నమ్మ హత్ర ఇల్ల సార్." మా దగ్గర లేదని. మళ్ళీ చూశాడు. "క్లయింటుకి సారీ... ఎష్టు కేజీ బేకు?"

నా పనుల చీటీ ఇక్కడుంటే, గ్రూపులోకి వెళ్ళిందేమిటి?

సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆటో నలభై నిమిషాలు ఆగింది. అన్నిసార్లు "పోనీ బాబూ" అన్నందుకు డ్రైవరు చివర్లో మీటరు మీద యాభై అడిగాడు, మారుమాట్లాడకుండా ఇచ్చాను. ఇంట్లోకి చెప్పులతోనే వెళ్ళి బియ్యం డబ్బా బోర్లించాను.

43 మెసేజీలు. మా మేనేజరుది పుణే, తెలుగు రాదు, చీటీని మొత్తం అనువాదం చేయించి చూసుకున్నాడు. "కందిపప్పు రెండు కేజీలు ఎవరు చూస్తున్నారు?" అని ఆయన. "ఇంగువ అంటే కొత్త మాడ్యూలా?" అని ఒకమ్మాయి. టెస్టింగ్ కుర్రాడు శనివారం పూటా ఇంగువకి టికెట్ తెరిచి, నా పేరు పెట్టి, ప్రయారిటీ హై అని కొట్టాడు. "చింతపండు (పాతది)" దగ్గర పెద్ద చర్చే జరిగింది, పాత వెర్షన్ ఇంకా ఎందుకు వాడుతున్నామని. టీమ్‌లో తెలుగువాడు నేను కాక ఇంకొకడే, చిత్తూరు కుర్రాడు. వాడు వరసగా పద్నాలుగు నవ్వు బొమ్మలు పెట్టాడు తప్ప ఒక్కడికీ అర్థం చెప్పలేదు.

నేల మీద బియ్యంలో కూర్చుని జవాబు టైపు చేస్తుంటే మా ఆవిడ ఖాళీ సంచి దులుపుతూ వచ్చింది.

"ఏవండీ, ఇంతకీ కందిపప్పేదీ?"

"సోమవారం పదకొండుకల్లా పంపిస్తానండీ," అన్నాను తలెత్తకుండా.