ఒప్పందాలు బీరువాలో భద్రం

ఉన్నత విద్య అంతర్జాతీయం కావడం వల్ల ఒరిగే మేలును కొలవడం కష్టమని కొందరు మేధావులు వాపోతుంటారు. పాపం, వారెన్నడూ కళాశాలలు బారులు తీరిన విజయవాడ–గుంటూరు రహదారి మీద ప్రయాణించి ఉండరు. ఇక్కడ కొలత ఎప్పుడో తేలిపోయింది. విదేశీ ఆచార్యుడు ఒకరు దిగితే ఒక పుష్పగుచ్ఛం, ఒక శాలువా, ఒక కొండపల్లి బొమ్మ, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో.

విదేశీ విశ్వవిద్యాలయంతో కళాశాల కుదుర్చుకునే అవగాహన ఒప్పందం తంతు చూసి తీరవలసిందే. బల్ల మీద రెండు చిన్న జెండాలు. వాటిలో పరాయి దేశపు జెండా తలకిందులుగా ఉందని ఆఖరి నిమిషంలో అటెండరే గుర్తించి సరిచేస్తాడు. సంతకాలయ్యాక పెద్దలిద్దరూ నీలం అట్టలు మార్చుకుంటారు. ఫొటోగ్రాఫర్ ‘‘సార్, మరొక్కసారి’’ అనగానే మళ్లీ మార్చుకుంటారు. దాంతో ఎవరి అట్ట వారికే చేరినా ఫరవాలేదు, రెండూ చివరికి చేరేది బీరువాలకే. కళాశాల తనిఖీకి బృందం వస్తోందన్నప్పుడు దుమ్ము దులిపితే చాలు.

కళాశాలలను తప్పుపట్టి లాభం లేదు. ప్రపంచ విశ్వవిద్యాలయాలకు క్యూఎస్ సంస్థ ఇచ్చే ర్యాంకుల్లో విదేశీ విద్యార్థుల నిష్పత్తికి 5 శాతం మార్కులు, విదేశీ అధ్యాపకుల నిష్పత్తికి మరో 5 శాతం. తరగతిలో ఆఫ్రికా కుర్రవాడు కూర్చుంటే మార్కు పడుతుంది. పక్కనున్న తెనాలి కుర్రవాడు నాలుగేళ్లలో అతన్ని ఒక్కసారైనా పలకరించాడా అన్నదానికి పడదు.

ఏడో శతాబ్దంలో హ్యూయాన్ త్సాంగ్ చైనా నుంచి మన ధాన్యకటకానికి (నేటి అమరావతి ప్రాంతం) వచ్చి నెలల తరబడి ఉన్నాడు. ఇక్కడి బౌద్ధ భిక్షువుల దగ్గర అభిధర్మం అనే బౌద్ధ తత్త్వశాస్త్రం చదువుకుని, వారికి మహాయాన శాస్త్రాలు చెప్పాడు. ఏం ప్రయోజనం? నీలం అట్ట లేదు, ఫొటో లేదు. ఈనాటి తనిఖీలో ఆయన రాకకు సున్నా.

మన దేశం మళ్లీ విశ్వగురువు కావాలని 2020 జాతీయ విద్యా విధానం ఆశించింది. శిష్యులు రావలసి ఉంది. ఈలోగా గురువుగారి పిల్లలు వీసా పత్రాలు పట్టుకుని బెంజి సర్కిల్ కన్సల్టెన్సీల్లో కూర్చున్నారు, తండ్రులు మిరప పొలానికి బేరం కుదురుస్తున్నారు. వీసా వచ్చిన పిల్లల ఫొటోలు కళాశాల ఫ్లెక్సీ ఎక్కుతాయి, అదీ అంతర్జాతీయ ఘనతే కదా. అమ్మిన పొలాన్ని కూడా ఏదో ఒక సూచీలో చేర్చమని అర్జీ పట్టుకుని వెళితే అంతర్జాతీయ సంబంధాల విభాగాన్ని కలవమన్నారు. ఆ గదికి తాళం వేసి ఉంది. అధికారి కొత్త ఒప్పందం పని మీద మలేషియా వెళ్లారట.