సోలు మందం పెంచితే బిడ్డ నడుము పెరగదు

వేసవి సెలవులు దగ్గర పడేసరికి ఒక సందేశం వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది. థీమ్ పార్కుల్లో రైడ్ల దగ్గర పెట్టే ఎత్తు నిబంధన కోర్టు కేసుల భయంతో పెట్టుకున్నదే తప్ప దానికి వేరే అర్థం లేదు. ఒక్కో రైడ్‌కు ఒక్కో అంకె ఉండటమే అందుకు రుజువు. రెండు మూడు సెంటీమీటర్లు తక్కువైతే పిల్లలకు మందపాటి సోలున్న బూట్లు తొడిగి దాటించవచ్చు. పక్కన అమ్మో నాన్నో ఉంటే భయమే లేదు. మన ఎగ్జిబిషన్లలో ఇవేవీ లేకుండానే తరతరాలుగా ఎక్కుతున్నాం కదా!

దీన్ని పంపేవాళ్ళు పిల్లల మీద ప్రేమతోనే పంపుతున్నారు. అందుకే విసుక్కోకుండా, ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

ముందు బూట్ల సంగతి చూద్దాం, ఎందుకంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా అదే. రైడ్‌లో మనిషిని పట్టి ఉంచేవి సీటు, తొడల మీదికి దిగే ల్యాప్ బార్, కొన్నిటిలో భుజాల మీదుగా వచ్చే చట్రం. అవి ఎలాంటి శరీరాన్ని పట్టి ఉంచగలవో తయారీదారు ముందే లెక్క వేస్తాడు. తొడ ఎంత మందం ఉంటుంది, కూర్చుంటే నడుము ఎక్కడికి వస్తుంది, భుజం ఎంత ఎత్తున ఉంటుంది, పాదాలు కింద ఆనుతాయా లేదా అన్నవి అందులోకి వస్తాయి. గేటు దగ్గర ఇవన్నీ ఒక్కొక్క బిడ్డకూ కొలవడం ఎవరివల్లా కాదు. వీటన్నిటితోపాటు పెరిగేది, క్షణంలో కొలవగలిగేది ఎత్తు ఒక్కటే కాబట్టి దాన్ని గుర్తుగా తీసుకున్నారు. సోలు మూడు సెంటీమీటర్లు పెంచితే ఎత్తు కొలిచే పలక మీద అంకె మారుతుంది. బిడ్డ తొడ అంతే ఉంటుంది, నడుము అక్కడే ఉంటుంది. సీట్లో కూర్చున్నాక ఆ మూడు సెంటీమీటర్లూ పాదాల కింద ఉంటాయి. బార్ పట్టుకోవలసిన చోట మాత్రం ఖాళీ అలాగే మిగిలిపోతుంది.

పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్ళు కారు. వాళ్ళ కటి ఎముక ముందు అంచులు ఇంకా పూర్తిగా ఎదగవు. పెద్దవాళ్ళలో బెల్టును కిందే నిలిపి ఉంచేవి ఆ అంచులే. పిల్లల్లో బెల్టు పైకి జారి పొట్టను నొక్కుతుంది, లేదా ఒళ్ళు దాని కిందినుంచి ముందుకు జారిపోతుంది. కార్లలో పిల్లలకు బూస్టర్ సీటు వాడమనడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఇక తల విషయం. పుట్టినప్పుడు తల శరీరం పొడవులో నాలుగో వంతు ఉంటుంది, పెద్దయ్యాక ఏడో ఎనిమిదో వంతుకు వస్తుంది. అంటే చిన్నవాళ్ళలో సన్నని మెడ మీద పెద్ద బరువు ఉంటుందన్నమాట. భుజాల మీద ఆనవలసిన చట్రం పొట్టి బిడ్డకు చెవుల దగ్గరికి, బుగ్గల దగ్గరికి వస్తుంది. రైడ్ పక్కకు విసిరినప్పుడు ఆ తల వెళ్ళి దేనికి తగులుతుందో ఆలోచించండి.

రెండో మాట: ‘పక్కన మేముంటాం, గట్టిగా పట్టుకుంటాం.’ తల్లిదండ్రుల ప్రేమను శంకించే పని లేదు. ఇక్కడ లెక్క చేతి బలానిది. రోలర్ కోస్టర్ లోయలోకి దిగి పైకి లేచే మలుపులో మన బరువుకు మూడు నాలుగు రెట్ల ఒత్తిడి పడటం మామూలే. 15 కిలోల బిడ్డ ఆ క్షణంలో 45 నుంచి 60 కిలోల బరువవుతుంది. ఆ వెంటనే శిఖరం దాటేటప్పుడు అందరూ సీట్లోంచి పైకి లేస్తారు, తల్లి కూడా లేస్తుంది. తననే బార్ ఆపుతున్నప్పుడు ఆమె చేయి బిడ్డను ఎలా ఆపగలదు?

అసలు కొన్నిచోట్ల పెద్దవాళ్ళు పక్కన ఉండటమే చిక్కు తెస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకే బార్ ఉన్న సీట్లలో ఆ బార్ పెద్దవాళ్ళ తొడలకు తగిలి ఆగిపోతుంది. పక్కనున్న బిడ్డ ఒడి మీద జానెడు ఖాళీ ఉండిపోతుంది. 2000 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో నాలుగేళ్ళ బాబు ఒకడు రోజర్ ర్యాబిట్ రైడ్‌లో నడుస్తున్న కారులోంచి కిందపడి, కారు కింద ఇరుక్కున్నాడు. అదేమీ గాల్లో తలకిందులయ్యే కోస్టర్ కాదు, చీకటి గదుల గుండా బొమ్మల మధ్య తిరిగే రైడ్. బాబు ఒంటరిగానూ లేడు, కుటుంబమంతా అతనితోనే ఉంది. అతన్ని తెరిచి ఉన్న అంచు వైపు కూర్చోబెట్టారనీ, ల్యాప్ బార్ పూర్తిగా దిగలేదనీ దర్యాప్తులో తేలింది. మెదడు తీవ్రంగా దెబ్బతిన్న ఆ పిల్లవాడు 2009లో చనిపోయాడు. చిన్నపిల్లలను లోపలి వైపు కూర్చోబెట్టమని ఆపరేటర్ అడిగినప్పుడు మనకు అది చాదస్తంలా కనిపిస్తుంది. దయచేసి వినండి.

పెద్దవాళ్ళ తోడు చాలే రైడ్లూ ఉన్నాయి. వాటి నియమంలోనే ఆ మాట రాసి ఉంటుంది. అమెరికాలో ఓర్లాండోలోని యూనివర్సల్ థీమ్ పార్కులో ఈ.టీ. రైడ్‌కు కనీస ఎత్తు 86 సెంటీమీటర్లు, 122 వరకు పెద్దవాళ్ళు తోడుండాలి. అక్కడ తోడు అడిగేది పిల్లలు మధ్యలో లేచి నిలబడకుండా చూడటానికి. తోడుతో తీరే ప్రమాదానికి తోడు అడుగుతారు, తీరనిదానికి ఎత్తు అడుగుతారు. రెండూ ఒకటి కావు.

ఒక్కో రైడ్‌కు ఒక్కో అంకె ఉంటే అది ఇష్టం వచ్చినట్టు పెట్టిందే అనడం విచిత్రమైన వాదన. ఫ్లోరిడాలోని డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్‌నే తీసుకోండి. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కు 97 సెంటీమీటర్లు, స్పేస్ మౌంటెన్‌కు 112, ట్రాన్‌కు 122. ఒకే యాజమాన్యం, ఒకే ప్రాంగణం, మూడు అంకెలు. కేసుల భయమే కారణమైతే అన్నిటికీ 122 పెట్టి చేతులు దులుపుకునేవాళ్ళు. సీటు వేరు, బార్ వేరు, విసురు వేరు కాబట్టి అంకె వేరు.

మన దగ్గర ఇంకో గందరగోళం ఉంది. మన పార్కుల్లో ప్రవేశ టికెట్టు ధరకు కూడా ఎత్తునే కొలమానంగా పెట్టడం ఉంది. దాంతో రైడ్ దగ్గరి కొలత కూడా డబ్బుల వ్యవహారమేనని చాలామంది అనుకుంటారు. కౌంటర్ దగ్గర మోకాళ్ళు వంచమని చెప్పి, రైడ్ దగ్గర మడమలెత్తమని చెప్పడం అలా వచ్చిందే. మొదటిదానివల్ల పార్కుకు కొన్ని రూపాయలు పోతాయి, రెండోదానివల్ల ఏం పోవచ్చో వేరే చెప్పాలా?

‘మా వాడికి ఏడేళ్ళు, భయమన్నదే లేదు’ అన్న మాటకు జవాబు చిన్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో ఏడేళ్ళ పిల్లల మధ్యస్థ ఎత్తు దాదాపు 121 సెంటీమీటర్లు. సగం మంది అంతకు తక్కువే ఉంటారు, 112 దగ్గర ఉన్నా ఆరోగ్యవంతులే. బార్‌కు వయసు తెలియదు, ధైర్యమూ తెలియదు. పైగా భయంలేని పిల్లలే చేతులు పైకెత్తి ముందుకు వంగుతారు.

ఇక ఎగ్జిబిషన్ల సంగతి. మన తిరునాళ్ళలో, ఎగ్జిబిషన్లలో చాలాచోట్ల ఎత్తు పలక కనిపించదన్నది నిజమే. ఏమీ జరగలేదన్నది మాత్రం నిజం కాదు. 2018 మే నెలలో అనంతపురంలో జూనియర్ కాలేజీ మైదానంలో పెట్టిన జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి పదేళ్ళ పాప చనిపోయింది. అది ఎత్తుకు సంబంధించిన ప్రమాదం కాదు, యంత్రం నిర్వహణలో లోపం. కానీ అడిగేవాళ్ళు లేని చోటును భద్రతకు ఉదాహరణగా ఎలా చూపిస్తాం? అక్కడ కూడా పలక పెట్టమని అడగవలసిన వాళ్ళం మనమే.

ఈ సందేశాన్ని సమర్థించేవాళ్ళ దగ్గర గట్టి వాదన ఒకటే ఉంది: ఎత్తు సరిపోయిన పిల్లలు కూడా చనిపోయారు కదా? నిజమే. అమెరికాలోని కాన్సాస్ సిటీలో ముగ్గురేసి ఒక తెప్పలో కూర్చుని జారే వెరుక్ట్ అనే నీటి జారుడు ఉండేది. 51 మీటర్ల ఎత్తు, ప్రపంచంలోనే ఎత్తయినదని పేరు. మొదట 14 ఏళ్ళు నిండినవాళ్ళకే అనుకున్నారు. తరవాత ఆ షరతు ఎత్తేసి, 137 సెంటీమీటర్ల ఎత్తు, తెప్పలో ముగ్గురి మొత్తం బరువు చూస్తే చాలన్నారు. 2016 ఆగస్టులో పదేళ్ళ బాలుడు ఎక్కాడు. రెండో గుట్ట దగ్గర తెప్ప గాల్లోకి లేచి, పైన వల కోసం అమర్చిన లోహపు చట్రానికి అతను తగిలి, అక్కడికక్కడే ప్రాణం పోయింది. దీన్నుంచి ఎత్తు నిబంధన పనికిరాదని తేల్చడం పొరపాటు. ఆ జారుడు రూపకల్పనే తప్పు. చెడ్డ రైడ్‌ను ఏ పలకా మంచిదిగా చేయలేదు. అయితే అక్కడ జరిగిన మొదటి పని ఏమిటో గమనించండి. ఒక షరతును సడలించారు. మందపాటి సోలున్న బూట్లు తొడగమనే సందేశం మనల్ని చేయమంటున్నదీ అదే. ఆ ప్రమాదం తరవాత కాన్సాస్ రాష్ట్రం 2017లో తనిఖీ చట్టాన్ని కఠినం చేసింది, మరుసటి ఏడాది ఆ జారుడును కూల్చేశారు.

పిల్లలు నిరాశపడతారన్నది మిగిలిన ఒకే ఒక్క నిజమైన బాధ, దానికి దారులున్నాయి. బయల్దేరే ముందు ఇంట్లో గోడ దగ్గర నిలబెట్టి సాయంత్రం పూట కొలవండి. రోజంతా నిలబడి తిరిగితే వెన్నుపూసల మధ్య మెత్తని భాగం అణిగి కాస్త ఎత్తు తగ్గుతాం, ఉదయం అంచున దాటిన బిడ్డ మధ్యాహ్నం దాటకపోవచ్చు. పార్కు వెబ్‌సైటులో ప్రతి రైడ్ పక్కనా ఉన్న ఎత్తు చూసి, ఎక్కగలిగే వాటి పేర్లే పిల్లలకు చెప్పండి. ఓర్లాండో వెళ్ళే మన కుటుంబాలకు ఇంకో సౌకర్యం ఉంది. డిస్నీలో దాన్ని రైడర్ స్విచ్ అంటారు, యూనివర్సల్‌లోనూ అలాంటి ఏర్పాటే ఉంది. ఒకరు చిన్నబిడ్డతో బయట ఉంటే మిగిలినవాళ్ళు ఎక్కి వస్తారు, తరవాత ఆ ఒక్కరూ మళ్ళీ మొత్తం క్యూ నిలబడకుండానే ఎక్కవచ్చు. క్యూ మొదట్లో ఉన్న ఉద్యోగిని అడిగితే ఏర్పాటు చేస్తారు.