ఇనేకి బస్సు వేసుకుని వెళ్ళొద్దు

అక్టోబరు ట్రిప్పుకి ఎక్కడికి వెళ్దామని ఇక్కడ జపాన్‌లో మన తెలుగువాళ్ళ సంఘం వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టారు కదా. నేనిది రాసే సమయానికి ఇనే ముందుంది. ఓటేసినవాళ్ళంతా నాకు కావలసినవాళ్ళే, అందులో మా ఆయన కూడా ఉన్నారు. అయినా మొహమాటం పక్కన పెట్టి చెప్తున్నాను. నలభై యాభై మందిమి బస్సు మాట్లాడుకుని ఇనేకి వెళ్ళకూడదు. ఇది ఊరు చూడకుండా చెప్తున్న మాట కాదు. రెండేళ్ళ కిందట అలాగే వెళ్ళాం. ఆ బస్సులో పులిహోర డబ్బాల లెక్క చూసింది నేనే.

కొత్తగా జపాన్ వచ్చినవాళ్ళ కోసం ముందు ఊరి సంగతి. క్యోటో అనగానే మనకు గుళ్ళు, వెదురుతోట గుర్తొస్తాయి గానీ, క్యోటో ప్రిఫెక్చర్ (మన జిల్లాలాంటిది) ఉత్తరాన జపాన్ సముద్రం దాకా ఉంది. అక్కడ తాంగో ద్వీపకల్పంలో ఒక మూల ఉంటుంది ఇనే. జనాభా రెండు వేలకు అటూ ఇటూ. క్యోటో స్టేషన్ నుంచి అమనోహషిదాతేకి ఎక్స్‌ప్రెస్ రైల్లో రెండు గంటలు, అక్కణ్ణుంచి బస్సులో ఇంకో గంట. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఒక చిన్న గుండంలాంటి చోటు, దాని చుట్టూ ఐదు కిలోమీటర్ల పొడవున నీటి అంచునే వరసగా ఇళ్ళు. వాటిని ఫునయా అంటారు, అంటే పడవిల్లు. సుమారు 230 ఉంటాయి. కింద పడవ, పైన మనుషులు. మనం అపార్ట్‌మెంటు కింద కారు పెట్టుకున్నట్టు వాళ్ళు ఇంటి కింద పడవ పెట్టుకుంటారు. ఒకప్పుడు పైది వలలు ఆరేసుకునే అటక మాత్రమే. బురి చేప బాగా పడి చేతిలో డబ్బులాడిన రోజుల్లో చాలామంది దాన్ని గదులుగా కట్టుకున్నారు. 2005లో జపాన్ ప్రభుత్వం ఈ వరసనంతా కాపాడవలసిన పాతకాలపు కట్టడాల ప్రాంతంగా ప్రకటించింది. ఒక జాలరిపల్లెకి ఆ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి.

మా అమ్మమ్మగారిది కాకినాడ పక్కన ఉప్పాడ. సముద్రం గుమ్మంలోకి వస్తే ఏమవుతుందో మాకెవరూ చెప్పక్కర్లేదు. తుఫాను వచ్చిందంటే బీచ్ రోడ్డు కోసుకుపోవాల్సిందే. ఇళ్ళు పోతాయి, రాళ్ళు తెచ్చి పోస్తారు, ఆ రాళ్ళూ పోతాయి. అందుకని ఇనే మొదటిసారి చూసినప్పుడు అందం సంగతి తర్వాత, ముందు నాకు భయమేసింది. నీటికి జానెడెత్తులో గచ్చు, దాని మీద ఇల్లు! కిటుకు తర్వాత తెలిసింది. జపాన్ సముద్రాన్ని బయటి సముద్రాలతో కలిపే దారులన్నీ ఇరుకు, లోతు కూడా తక్కువ. అందుకని ఆ సముద్రంలో ఆటుపోట్ల తేడా చాలా కొంచెం. ఇనేలో అరమీటరుకి మించదు, మా వైపు మీటరు దాటేస్తుంది. పైగా ఆ గుండం నోరు దక్షిణం వైపు ఉంది, మూడు పక్కలా కొండలు, నోటి దగ్గర తలుపుకి గడియ పెట్టినట్టు అవోషిమా అని ఒక చిన్న దీవి. చలికాలంలో బయట సముద్రం ఎంత రేగినా లోపల నీళ్ళు మన ఊరి చెరువులాగే ఉంటాయి.

ఆ చెరువు గట్టు మీదకి మా బస్సు వెళ్ళింది.

పొద్దున ఆరున్నరకి ఒసాకాలో బయల్దేరాం. ముందు అమనోహషిదాతే. సముద్రానికి అడ్డంగా మూడున్నర కిలోమీటర్లు సాగిన ఇసుక తిన్నె, దాని నిండా పైన్ చెట్లు. కొండెక్కి, అటు తిరిగి నడుం వంచి, కాళ్ళ సందులోంచి చూడాలి. అప్పుడు ఆకాశంలోకి వేసిన వంతెనలా కనిపిస్తుంది, ఆ పేరుకి అర్థం కూడా అదే. మన బావగార్లు ఒక్కొక్కరూ వంగడం, లేవలేకపోవడం, వెనక పిల్లలు నవ్వడం, అదో గంట. పులిహోర, పెరుగన్నం అక్కడే అయ్యాయి. ఇనే చేరేసరికి ఒకటిన్నర. మూడున్నరకల్లా బస్సు దగ్గరుండాలి, లేకపోతే డ్రైవరుకి టైము దాటిపోతుంది.

రెండు గంటల్లో ఏం చేస్తాం? టూరిస్టు పడవ ఎక్కాం, ఇరవై ఐదు నిమిషాలు. అందులో సముద్రపు కాకులకి రొయ్యల చిప్స్ వేస్తారు, పైనుంచి గద్ద వచ్చి చేతిలోది లాక్కుపోతుంది. పిల్లలకి అదే పండగ. (శాకాహారం పట్టింపున్న మా వాళ్ళు ఆ ప్యాకెట్టు వేళ్ళ చివర్లతో పట్టుకుని విసరడం చూడవలసిన దృశ్యం.) దిగాక ఫొటోలు.

ఫునయాకి రోడ్డు వైపు ఒక తలుపుంటుంది. అది తీసి ఉంటే చీకటి గదికి అవతలి కొసన సముద్రం, పటం కట్టి గోడకి తగిలించినట్టు. ఎవరికైనా లోపలికి పోబుద్ధవుతుంది, నాకూ అయింది. మా వాళ్ళు ఐదారుగురు పోయారు. ఒక పిల్లాడు నీళ్ళ అంచు దాకా పరిగెత్తాడు. ఒకాయన పడవ అంచు మీద కాలు పెట్టి నిలబడ్డారు ఫొటోకి. ఆ చీకట్లో, గోడ వారగా, చిన్న పీట మీద ఒక పెద్దావిడ కూర్చుని చేపలు చేస్తోంది. ముందు నీలం ప్లాస్టిక్ టబ్బు, కాలి కింద తడి అట్టముక్క. ఆవిడ కత్తి పక్కన పెట్టింది. చేతులు ఏప్రానుకి తుడుచుకుని లేచింది. “సుమిమాసెన్”, అంటే క్షమించండి, అంటూ నడుం దాకా వంగి, పీట ఒక చేత్తో, టబ్బు ఒక చేత్తో ఈడ్చుకుంటూ మూలకి జరిగింది. మా ఫొటోలో తాను పడకుండా ఉండడానికి.

“ఎంత మర్యాదండీ వీళ్ళకి, అడక్కుండానే జరిగింది” అన్నారు మా వాళ్ళలో ఒకరు.

పదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాం. ఆ సుమిమాసెన్‌కి అర్థం తెలియదా మనకి? ఆఫీసులో మేనేజరు అలా అన్నాడంటే ఇంటికొచ్చి రాత్రంతా దాని గురించే ఆలోచిస్తాం. ఇక్కడ మాత్రం ‘రండి, కూర్చోండి’ అన్నట్టు వినిపించింది. నేను మాత్రం ఏం చేశాను? లోపలికి పోలేదు గానీ రోడ్డు మీద నిలబడి, “రండి రండి, టైమవుతోంది” అని కేకలేశాను. ఆ నీళ్ళ మీద మాట ఎంత దూరం పోతుందో అప్పటికి నాకు తెలియదు.

“లోపలికి పోవడం తప్పే, రోడ్డు మీద తిరిగితే ఏమైంది?” అంటారు. ఆ రోడ్డుకీ ఒక కథ ఉంది. కొండ వైపు అసలు ఇల్లు, సముద్రం వైపు ఫునయా, రెండూ ఒకే కుటుంబానివి. ఈ రెంటికీ మధ్య ఒకప్పుడు ఉన్నది వాకిలే. పక్కింటికి పోవాలన్నా పడవలో పోయేవాళ్ళు. 1930లలో ఆ వాకిళ్ళన్నీ కలిపి రోడ్డు వెడల్పు చేశారు, దానికోసం ఫునయాలని సముద్రం వైపు జరిపారు. ఇవాళ కూడా కూర గిన్నె పట్టుకుని ఇంట్లోంచి ఫునయాలోకి పోవాలంటే ఆ రోడ్డు దాటాలి. అంటే మనం సెల్ఫీ కర్ర పట్టుకుని నడిచేది వాళ్ళ వంటింటికీ దొడ్డికీ మధ్య. ఏటా లక్షల్లో జనం వాళ్ళ వాకిట్లోంచి వెళ్తున్నారు. ‘ఇవి మనుషులు ఉంటున్న ఇళ్ళు, లోపలికి రాకండి’ అని ఊళ్ళో బోర్డులు పెట్టుకున్నారు. మన ఊళ్ళో అయితే బోర్డుతో సరిపెట్టేవాళ్ళం కాదు.

కమిటీలో ఒకరు నాతో అన్నారు, “మనం వెళ్తేనే కదమ్మా ఆ ఊరికి నాలుగు డబ్బులొచ్చేది.” సరే, లెక్క చూద్దాం. ఆ రోజు మేం ఇనేలో ఖర్చు పెట్టింది పడవ టికెట్లు, పది పన్నెండు ఐస్‌క్రీములు, కొన్ని కాఫీలు. భోజనం మాదే, నీళ్ళు మావే, బస్సు ఒసాకాది. ఊళ్ళో వదిలింది మాత్రం ఒక సంచెడు. పేపరు ప్లేట్ల మూట బస్సులో వాసనొస్తోందని ఎవరో వెండింగ్ మెషీన్ పక్కన, సీసాల డబ్బా మీద పెట్టేశారు. ఎవరు పెట్టారో నాకు తెలుసు, రాయను.

అదే ఊరికి మరుసటి ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాం. మేమిద్దరం, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్య. ఫునయానే బసగా మార్చిన ఒక ఇంట్లో దిగాం, రోజుకి ఒక్క కుటుంబానికే ఇస్తారు. అత్తయ్య నీచు ముట్టరు. జపాన్‌లో చేప ముక్క తప్పించుకోవచ్చు గానీ చేప రసం తప్పించుకోవడం కష్టమని మనందరికీ తెలిసిందే, మిసో సూపులో కూడా ఉంటుంది. రెండు వారాల ముందే ఈమెయిల్ పెట్టాను. ఇంటావిడ ఒక్క మాట ఎక్కువ అడగకుండా కొంబూ అనే సముద్రపు ఆకు, ఎండు షీటాకే పుట్టగొడుగులు నానేసి ఆ నీళ్ళతోనే అన్నీ వండింది. మాకిద్దరికీ చలికాలపు బురి, పల్చగా కోసి వేడి రసంలో రెండు సార్లు ఇలా ముంచి అలా తీయడమే. ఒక బురినే వయసుని బట్టి కాన్సాయ్ వాళ్ళు, అంటే మన ఒసాకా, క్యోటో వైపు వాళ్ళు, నాలుగు పేర్లతో పిలుస్తారని ఆవిడే చెప్పింది: త్సుబాసు, హమాచి, మెజిరో, ఆఖర్ని బురి. మావారు ఆ ఊరి సారాయి కూడా రుచి చూశారు. ఎర్ర బియ్యంతో చేస్తారు, దానిమ్మ రసం రంగులో ఉంటుంది. ఆ బట్టీ 1754 నుంచి నడుస్తోందట.

సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక ఊరు ఎలా ఉంటుందో నేను సరిగ్గా చెప్పలేను. అవతలి ఒడ్డున ఎవరో తలుపు జరిపిన చప్పుడు మా గదిలోకి వినిపించింది. అప్పుడు గుర్తొచ్చాయి నా కేకలు.

ఉండబట్టలేక ఇంటావిడని అడిగాను, “ఇంతమంది వస్తుంటే మీకెలా ఉంటుందండీ?” అని. ఆవిడ టీ పోయడం ఆపి, నవ్వి, “నిగియాకా” అంది. సందడిగా ఉంటుందట. ఇంకేమీ అనలేదు.

తెల్లవారుజామున ఆవిడ బకెట్టు పట్టుకుని బయల్దేరితే వెంటపడ్డాను. పడవలు రేవుకి వచ్చే వేళకి ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరి బకెట్టుతో వాళ్ళు వచ్చి చేప అక్కడికక్కడే కొనుక్కుపోతారు. కవరు లేదు, ప్యాకింగ్ లేదు. బేరం ఉంటుందేమోనని చూశాను, నిరాశపడ్డాను. తిరిగొచ్చేసరికి ఇంటాయన ఫునయా గచ్చు మీద నిలబడి ఒక తాడు లాగుతున్నారు. మోందోరి అంటారు దాన్ని. వల బుట్టలో చేప తలకాయలు వేసి ఇంటి ముందే నీళ్ళలో దించుతారు, రాత్రికి ఏది దూరితే అది పొద్దుటి కూర. ఆ రోజు బెత్తెడు చేపలు రెండు దూరాయి. ఒకటి తీసుకుని చిన్నది వదిలేశారు. చేపంటే ముక్కు మూసుకునే మా అత్తయ్య శాలువా కప్పుకుని గుమ్మంలో కూర్చుని అంతా చూశారు. “అమ్మాయ్, ఫ్రిజ్ ఎందుకు వీళ్ళకి?” అన్నారు.

ఇదే ఇనే పరిధిలో ఉరషిమా తారో గుడి ఉంది. తాబేలుని కాపాడిన జాలరి సముద్రం అడుగున రాజభవనానికి వెళ్ళి, కొన్నాళ్ళుండి తిరిగొస్తే ఇక్కడ మూడొందల ఏళ్ళు గడిచిపోతాయి. 825లో కట్టిన గుడి అని అక్కడి ఐతిహ్యం. కథ చెప్తుంటే అత్తయ్య మధ్యలోనే అందుకున్నారు: “ఇది మన రేవతి వాళ్ళ నాన్న కథే కదే!” నిజమే. కూతురికి వరుణ్ణి అడుగుదామని కకుద్మి బ్రహ్మలోకానికి వెళ్తాడు, అక్కడ పాట జరుగుతోందని కాసేపు ఆగుతాడు, ఈలోపు భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు అయిపోతాయి. భాగవతం నవమ స్కంధంలో ఉంది. ఆ గుడి బస్సు ట్రిప్పులో మాకు చూడ్డం కుదరలేదు, టైము లేక.

అందరూ రాత్రి ఉండలేరు, నాకు తెలుసు. ఆ బసలు చవక కాదు, గదులు తక్కువ, చిన్నపిల్లలున్నవాళ్ళకి నీటి అంచు ఇల్లంటే టెన్షనే. శుక్రవారం సెలవు దొరకదు. అవన్నీ ఒప్పుకుంటాను. అయితే సంఘం తరఫున వెళ్ళడం మానేద్దాం. వెళ్ళాలనున్నవాళ్ళు రెండేసి కుటుంబాలుగా, వీలైతే మామూలు రోజున వెళ్ళండి. అక్కడే తినండి, అక్కడే పడుకోండి. భోజనం గురించి జపనీస్‌లో ఏం రాయాలో నా ఈమెయిల్ ఉంది, అడిగినవాళ్ళకి పంపిస్తాను. పగటిపూట మాత్రమే వెళ్ళగలిగినా ఫరవాలేదు, నలుగురు నడిస్తే ఆ వాకిలి తట్టుకుంటుంది. యాభై మంది ఒకేసారి దిగితేనే పీట జరుపుకోవాల్సి వస్తుంది.

యాభై మందికి అమనోహషిదాతే ఉంది కదా. కొండ మీదకి లిఫ్టు కుర్చీలున్నాయి, పార్కింగ్ ఉంది, పైన్ చెట్ల కింద సైకిళ్ళు తొక్కుకోవచ్చు, పిల్లలు అరిచినా ఎవరి నిద్రా చెడదు. తరతరాలుగా జనం రావడానికే అలవాటుపడ్డ చోటు అది. నా ఓటు దానికే వేశాను. ఈసారి మా ఆయన చేత కూడా మార్పిస్తాను. పోయినసారి తొందరలో బావగార్లకి వంతెన సరిగ్గా కనపడలేదన్నారు, నిదానంగా వంగి చూసుకోవచ్చు.