ఒంటి మేజోడు

ఈసారి ప్రయాణానికి ముందు నేను నా సామాను మొత్తాన్ని వంటింటి తూకం మీద పెట్టి, ఒక్కొక్క వస్తువునూ గ్రాముల లెక్కన తూచాను. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోశాను. పటం అంచుల్లో ఖాళీగా ఉన్న తెల్ల కాగితాన్ని కత్తిరించాను. చొక్కా మెడ వెనుక కుట్టి ఉండే చీటీని కూడా పీకేశాను. వీపు మీద మోయవలసిన బరువు విషయంలో ఇంత కఠినంగా ఉన్నవాడిని, చేపల వేట సామాను దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మెత్తబడిపోయాను. రెండు పెట్టెల నిండా రంగురంగుల ఎరలు, గాలపు దారం చుట్టే మొదటి రీలు పాడైతే వాడడానికి రెండో రీలు, నీటి వేడిమిని కొలిచే ఉష్ణమాపకం, పట్టిన చేపను ఒడుపుగా పైకెత్తడానికి ఒక పిడి వల, అన్నీ సంచిలోకి చేరాయి. ఆ వలకు సరిపడేంత చేప ఏదైనా ఆ కొండవాగులో ఉంటే, అది వెనక్కి తిరగడానికి వాగులో చోటు చాలదు. చివరికి తూకం 16 కిలోలు చూపించింది. కోసి పారేసిన బ్రష్ పిడి బరువు 4 గ్రాములు.

కొండల్లో వేసవి తొలి వారాలనే ఎంచుకోవడానికి నా దగ్గర మంచి కారణాలే ఉన్నాయి. అప్పటికి ఎత్తైన చోట్ల చెరువుల మీద గడ్డకట్టిన మంచు విడిపోయి ఉంటుంది, చలికాలమంతా అర్ధాకలితో గడిపిన ట్రౌట్ చేపలు మళ్ళీ మేతకు తిరుగుతుంటాయి, జనసందోహం ఇంకా మొదలై ఉండదు. జనసందోహం ఎందుకు మొదలవదన్న ప్రశ్న మాత్రం నాకు ఏ సంవత్సరమూ బయలుదేరే ముందు తోచదు. దారి మీద ఇంకా సగం మంచు మిగిలి ఉంటుంది. అది రాత్రి చలికి బిగుసుకుని, తెల్లవారుజామున సిమెంటు గచ్చులా మనిషిని మోస్తుంది. మధ్యాహ్నమయ్యేసరికి మాత్రం మెత్తబడి, అడుగు వేసిన ప్రతిసారీ తొడదాకా మింగుతుంది. నేను ఎప్పటిలాగే ఆలస్యంగా లేచి, ఎప్పటిలాగే మధ్యాహ్నం ఆ మంచును దాటాను. కొత్త మంచు తన మీద పడిన అతినీల లోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొట్టగలదని అంటారు. పాత మంచు అంత చేయకపోయినా, టోపీ పెట్టుకుని ఎంతో జాగ్రత్తగా నడిచిన నాకు గడ్డం కిందా, ముక్కు రంధ్రాల లోపలా చర్మం కమిలింది. ముక్కు లోపల మందు రాసుకోవడం ఎంత అవమానకరమైన పనో చెప్పడం కష్టం. చూసేవాళ్ళు లేకపోవడం ఒక్కటే ఊరట.

ఆ సాయంత్రం ఒక వాగు ఒడ్డున, కాస్త ఎత్తైన చోట గుడారం వేసి, తడిసి ముద్దయిన ఉన్ని మేజోళ్ళను పక్కనే ఉన్న పొద మీద ఆరవేసి పడుకున్నాను.

మరునాడు తెల్లవారి లేచి చూస్తే వాగు ముచ్చటగా ఉంది. పన్నెండు అడుగుల వెడల్పు, పిక్కలు దాటని లోతు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టగలిగేంత తేట. నేనున్న ఒడ్డునే రెండు మంచి మడుగులు ఉన్నాయి. అయినా పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, అవతలి ఒడ్డున వంపు దగ్గర, పెద్ద బండ నీడలో ఉన్న మడుగే నా కంటికి చేపల కొలువుకూటంలా కనిపించింది. బూట్లు తడుపుకోవడం ఎందుకని వట్టి కాళ్ళకు చెప్పులు తొడుక్కున్నాను. ఉదయపు చలికి స్వెట్టరూ, దాని మీద వాన కోటూ వేసుకున్నాను. గాలపు కర్ర, ఎరల పెట్టె, ఉష్ణమాపకం, ఆ మహత్తరమైన పిడి వల పట్టుకుని నాలుగు అంగల్లో వాగు దాటేశాను. సంచి తీసుకోలేదు. గంటలో తిరిగి వచ్చి టిఫిన్ చేద్దామని నా ఉద్దేశం.

గంట ఏడు గంటలు ఎలా అయిందో గాలం వేసే అలవాటు ఉన్నవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు, లేనివాళ్ళకు చెప్పినా నమ్మరు. ట్రౌట్ చేపలు ఉన్నాయి. వాటిని కళ్ళారా చూశాను. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, బండ వెనుక నీరు నెమ్మదించిన చోట, తోక మాత్రం కదిలిస్తూ నిలబడి ఉన్నాయి. అవి కూడా నన్ను చూశాయి. నీటి లోపలి నుంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచమంతా సుమారు 97 డిగ్రీల కోణంలో, గుండ్రని కిటికీలో ఒదిగినట్టు కనిపిస్తుంది. కాంతి వంగడం వల్ల ఒడ్డు మీద దూరంగా నిలబడ్డ మనిషి కూడా ఆ కిటికీ అంచున ప్రత్యక్షమవుతాడు. అందుచేత నేను చెట్టు చాటున నక్కుతూ, మోకాళ్ళ మీద పాకుతూ చేసిన సాహసమంతా ఆ చేపలకు ఒక వీధి నాటకంగా ఉపయోగపడింది. ఎర మార్చాను. బంగారు రంగు రేకుకు బదులు వెండి రేకు, వెండికి బదులు రాగి రేకు వేశాను. ఒక చేప రాగి రేకు వెంట రెండడుగులు వచ్చి, దానిని పరీక్షగా చూసి, మొహమాటానికి వచ్చిన పెళ్ళిచూపుల్లో లాగా మర్యాదగా వెనుదిరిగింది.

అప్పుడు గుర్తొచ్చి ఉష్ణమాపకాన్ని నీటిలో ముంచితే 5 డిగ్రీలు చూపించింది. ట్రౌట్ చురుకుగా మేసేది నీరు 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. అంతకన్నా చల్లగా ఉంటే వాటికి ఆకలి మందగిస్తుంది, కదలడానికి బద్ధకిస్తాయి. ఈ పరికరాన్ని ఉదయమే వాడి ఉంటే పొద్దంతా కలిసి వచ్చేది. కానీ కొలిచి తెలుసుకున్న నిజం కన్నా కొలవకుండా మిగిలిన ఆశ మీదే ఈ వేట నడుస్తుంది కాబట్టి, తెలిసిన తరువాత కూడా మరో రెండు గంటలు గాలం విసిరాను.

సాయంత్రం నాలుగైంది. ఉదయం వాగు దాటుతూ నేను కాలు మోపిన చదునైన తెల్లరాయి మీద కూర్చుందామని వెళ్తే, అక్కడ ఆ రాయి లేదు. ఎవరో ఎత్తుకుపోయారనే ముందు అనుకున్నాను. ఆ కొండలో ఎవరూ లేరనీ, ఆ రాయి నాకన్నా బరువుగా ఉందనీ గుర్తుకొచ్చిన తరువాత గాని, రాయి ఉన్నచోటే ఉంది, వాగే దాని మీదకు వచ్చిందన్న విషయం నా బుర్రకు తట్టలేదు. ఉదయం తేటగా ఉన్న నీరు పాలు కలిపిన టీ రంగుకు తిరిగింది. వెడల్పు ఇరవై అడుగులు దాటింది. లోతు ఎంతో తెలియదు గాని, నీటి అడుగున రాళ్ళు దొర్లుతూ ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది.

ఇందులో వింత ఏమీ లేదు. మంచు కరిగి పారే వాగుకు ఆఫీసు వేళల్లాంటి వేళలు ఉంటాయి. పొద్దెక్కి ఎండ కాసే కొద్దీ పైన మంచు కరుగుతుంది, ఆ నీరు వాలు దిగి వాగులో చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి సాయంత్రానికి ఉద్ధృతి పెరిగి, రాత్రి చలికి కరగడం ఆగిపోయి, తెల్లవారుజాముకు మళ్ళీ అణగుతుంది. ఈ సంగతి కొండదారుల గురించి రాసే వాళ్ళందరూ రాస్తారు. నేనే ఇద్దరు మిత్రులకు ఉపన్యాసంలా చెప్పాను. వాళ్ళు శ్రద్ధగా విన్నారు కూడా. ఉపన్యసించిన వాడు వినలేదు.

దాటడమా, మానడమా అని కాసేపు లెక్కలు వేశాను. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. ప్రవాహ వేగం రెండింతలైతే అది మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. ఉదయం నన్ను పిక్కల దగ్గర చక్కిలిగింతలు పెట్టిన వాగు ఇప్పుడు ఎన్ని ఇంతలైందో తేల్చడానికి, ఒక లావుపాటి ఎండు కొమ్మను నీటిలో వేశాను. అది నాకు వీడ్కోలు చెప్పే వ్యవధి కూడా తీసుకోకుండా వంపు తిరిగి మాయమైంది. ఏరు దాటి తెప్ప తగలేశాడని కృతఘ్నుడిని అంటారు. నాకు తగలేయడానికి తెప్ప కూడా లేదు, తిరిగి దాటవలసి వస్తుందన్న ఆలోచనే లేకుండా దాటినవాడిని నేను. దిగకూడదని నిశ్చయించుకున్నాను. నా జీవితంలో తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో ఇది ఒకటి, అది కూడా గత్యంతరం లేక తీసుకున్నదే.

అవతలి ఒడ్డున నా గుడారం, స్లీపింగ్ బ్యాగు, పొయ్యి, తిండి, బూట్లు, అగ్గిపెట్టె, దోమతెర ఉన్నాయి. ఇవతలి ఒడ్డున నేనూ, నలభై ఆరు ఎరలూ ఉన్నాము. బరువు తగ్గించుకోవాలని నెల రోజులు తపించినవాడికి ఇంతకన్నా సంపూర్ణమైన విజయం ఉండదు. నా దగ్గర ఉన్న సామాను మొత్తం కలిపి రెండు కిలోలు మించదు.

అంతలో అవతలి ఒడ్డుకు ఒక మార్మట్ వచ్చింది. ఇది ఉడుత కుటుంబానికి చెందిన జంతువే గాని, చూడడానికి బాగా తిని కూర్చున్న పిల్లి అంత ఉంటుంది. ఏడాదిలో ఆరేడు నెలలు బొరియలో నిద్రపోతుంది. లేచిన తరువాత దానికి ఉప్పు కోసం తెగ యావ. కొండల్లో ఉప్పు దొరికే చోట్లలో మనిషి చెమట ఒకటి, ఆ చెమట నిండా ఇంకి ఉండేది వీపు సంచి పట్టీలు. అది నా సంచి చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ భుజం పట్టీని ఎంచుకుని, వెనుక కాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని మొక్కజొన్న పొత్తు తిన్నట్టు నమలడం మొదలుపెట్టింది. నేను అరిచాను. వాగు హోరులో నా అరుపు నాకే వినపడలేదు. ఈల వేశాను. మార్మట్లు తమలో తాము ఈలతోనే హెచ్చరించుకుంటాయి, బహుశా అందుకే ఒక్కసారి తలెత్తి, ఉచ్చారణ బాగాలేదన్నట్టు చూసి మళ్ళీ పనిలో పడింది.

అప్పుడు నాకు గాలపు కర్ర జ్ఞాపకం వచ్చింది. ఏడు గంటలపాటు చేపలకు అక్కరలేని నా నైపుణ్యం ఇక్కడ ఎందుకు పనికి రాకూడదు? ఏడు గ్రాముల రేకు, దానికి మూడు కొక్కేల గాలం, రెండు కిలోల బరువును తట్టుకునే దారం, నా దగ్గర ఇవి ఉన్నాయి. సంచిని లాగలేనని నాకు తెలుసు. గుడారం మీద పరిచిన ఉన్ని కంబళిని మాత్రం లాగగలననిపించింది. మొదటి విసురు గుడారం దాటి పడి, మార్మట్‌కు రెండడుగుల దూరంలో ఠంగుమంది. అది ఉలిక్కిపడి బొరియ వైపు పరుగెత్తింది. ఇంత సత్ఫలితం ఉద్దేశపూర్వకంగా ఎన్నడూ సాధించలేదు. రెండో విసురు గుడారపు తాడుకు తగిలి జారింది. ఆరో ఏడో విసురుకు గాలం దేనికో గట్టిగా పట్టుకుంది. గుండె ఝల్లుమంది. కర్ర వంగింది. రీలు తిప్పుతుంటే పొద ఊగింది, ఊగి ఊగి చటుక్కున వదిలేసింది. నల్లటి ఆకారం ఒకటి ఎగిరి నీటిలో పడి, ప్రవాహానికి అడ్డంగా, అచ్చం పెద్ద చేపలాగే పెనుగులాడుతూ నా వైపు వచ్చింది. అలవాటు చొప్పున పిడి వల అందుకుని దాన్ని పైకెత్తాను.

అది నా ఎడమకాలి మేజోడు. దాని జత కూడా పొద ఊగినప్పుడు నీటిలో పడి, నా కళ్ళముందే కొమ్మ వెళ్ళిన దారినే వెళ్ళిపోయింది. ఆ తరువాత చీకటి పడేదాకా విసిరినా కంబళి దక్కలేదు.

ఆ రాత్రిని వర్ణించబోను, ఎందుకంటే దాని నిండా జరిగింది ఒకటే పని. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటుందన్నది నిజం. మేజోడును గట్టిగా పిండి, ఎడమకాలికి అరగంట, కుడికాలికి అరగంట చొప్పున పొద్దుపోయేదాకా, పొద్దుపొడిచేదాకా మార్చుకుంటూ, బండ చాటున నిలబడుతూ, గుంజీళ్ళు తీస్తూ గడిపాను. మొదట్లో దోమలు మూగాయి. వలను తలమీద బోర్లించుకున్నాను. దాని కళ్ళు చేపకు సరిపోయేంత పెద్దవి కావడంతో దోమలు ఏ ఇబ్బందీ లేకుండా లోపలికి వచ్చి, బయటికి పోయే దారి తెలియక అక్కడే స్థిరపడ్డాయి. చలి ముదిరిన తరువాత అవి సద్దుమణిగాయి. రెండు బాధల్లో ఒకటి తగ్గినందుకు చలికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

నడిజామున ఎందుకో ట్రౌట్ గుడ్ల కథ గుర్తుకొచ్చింది. 1864లో బ్రౌన్ ట్రౌట్ గుడ్లను నాచులో సర్ది, మంచుగడ్డల మధ్య పెట్టి, ఇంగ్లండు నుంచి నార్ఫోక్ అనే ఓడలో పంపితే, అవి దాదాపు మూడు నెలలు ప్రయాణించి, భూమధ్యరేఖ దాటి, టాస్మేనియా చేరి అక్కడ బతికి పిల్లలయ్యాయి. చేతులూ కాళ్ళూ లేని గుడ్లు సగం భూగోళాన్ని దాటాయి. నేను ఇరవై అడుగులు దాటలేక, వాటి చుట్టాల ముందు గుంజీళ్ళు తీస్తున్నాను.

తెల్లవారేసరికి వాగు ఏమీ ఎరగనట్టు పన్నెండు అడుగులకు ముడుచుకుపోయింది. తెల్లరాయి ఉన్నచోటే ఉంది. నాలుగు అంగల్లో దాటాను. మార్మట్ ఎడమ పట్టీలో మూడోవంతు ముగించి, కుడిదానిని మరో రోజుకు అట్టిపెట్టింది. నేను రెండు పూటల తిండి ఒకేసారి తిని, మిట్టమధ్యాహ్నం దాకా నిద్రపోయి, మంచు బాగా మెత్తబడిన తరువాత, అంటే నా అలవాటైన వేళకే, తిరుగు ప్రయాణం మొదలుపెట్టాను.

దిగుతున్న దారిలో ఒక పెద్దాయన ఎదురయ్యారు. ఆయన వీపున కూడా గాలపు కర్ర ఉంది. ఒంటి పట్టీ సంచితో ఒకవైపుకు ఒరిగి కుంటుతున్న నన్ను చూసి ఆగారు.

"చేపలేమైనా పడ్డాయా బాబూ?"

"ఒకటి పడిందండీ."

"ఎంతుంటుంది?"

"సరిగ్గా ఒక అడుగు."

చేపలు పట్టేవాళ్ళు చెప్పే అడుగులో ఎనిమిది అంగుళాలే ఉంటాయని తెలిసిన మనిషిలా ఆయన చిన్నగా నవ్వి ముందుకు సాగారు. నా మాటకు రుజువు నా ఎడమ బూటు లోపలే ఉంది గాని, తడిసి బిగుసుకున్న లేసు విప్పి చూపించే ఓపిక నాకు లేకపోయింది.