కూలి మాట రానంత వరకు

విశాఖలో మతసామరస్యానికి లోటుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఓడరేవు దగ్గర నిలబడి తలెత్తి చూడండి. పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఇంకోదాని మీద దర్గా, రోస్ హిల్ మీద మేరీమాత. రేవులోకి వచ్చే ఓడకి ముగ్గురూ కనిపిస్తారు. వచ్చినవాడిది ఏ దేశమని ఆ కొండలు ఇంతవరకూ అడగలేదు. అడగడానికి కింద మనం ఉన్నాం.

వలస కార్మికులకు అండగా అన్ని మతాల పెద్దలూ కలిసి సదస్సులు పెట్టడం మనకు మంచి అలవాటు. నేను శ్రద్ధగా వెళ్లి వెనక వరసలో కూర్చుంటాను. ఆ నిర్వహణ చూసి నేర్చుకోవాలి. ముందు ఫ్లెక్సీ. మధ్యలో ఎవరి ఫొటో ఉండాలన్నదాని మీద చాలా చర్చ జరిగి, చివరికి ఖర్చు పెట్టుకున్న బిల్డర్‌గారి ఫొటో మధ్యలో వేసి అన్ని మతాలకూ సమన్యాయం చేస్తారు. తర్వాత దుప్పట్ల పంపిణీ. మే నెల ఉక్కపోతలో రేకుల షెడ్డులో పడుకునేవాడికి దుప్పటి ఎందుకని కొందరు గొణుగుతారు. వాళ్లకి ఫొటో గురించి తెలీదు. టేబుల్ ఫ్యాన్‌ని ఎంతమంది పట్టుకోగలరు? దుప్పటికి నాలుగు మూలలున్నాయి, నాలుగు మతాలు పట్టుకోవచ్చు. కార్మికులు మాత్రం తక్కువగా వస్తారు. ఆ రోజు స్లాబ్ ఉంటుంది.

ప్రసంగాల్లో పాండిత్యానికి కొదవుండదు. ఒకరు అతిథి దేవో భవ అంటారు. ఒకరు ఐగుప్తు నుంచి బయల్దేరిన ఇశ్రాయేలీయుల్ని గుర్తుచేస్తారు. మరొకరు మక్కా విడిచి వచ్చిన ప్రవక్తను ఆదరించిన మదీనా వాసుల్ని తలుచుకుంటారు. అన్నీ మంచి మాటలే. కాకపోతే ఆ పక్క పేజీల్లో ఇంకొన్ని ఉన్నాయి. కూలివాడు నీ సహోదరుడైనా పరదేశి అయినా ఏనాటి కూలి ఆనాడే, పొద్దుగూకక ముందే ఇవ్వమని బైబిల్లో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం. చెమట ఆరక ముందే ఇచ్చెయ్యమని హదీసు. కౌటిల్యుడైతే ఉపదేశంతో ఆగకుండా, జీతం ఎగ్గొట్టినవాడికి జరిమానా కూడా రాసిపెట్టాడు. ఇవేవీ వేదిక మీద వినపడవు. సమయాభావం అయ్యుంటుంది. బిల్డర్‌గారు ముందు వరసలో కూర్చుని ఉండటం కేవలం కాకతాళీయం.

ఒక సదస్సులో ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి వచ్చి మధురవాడలో సెంట్రింగ్ పని చేసుకునే కుర్రాడు లేచి, రెండు నెలలుగా కూలి బట్వాడా లేదని ఒడియా యాస తెలుగులో చెప్పాడు. అంతే, వేదిక మీదున్న అందరూ ఒక్కసారిగా లౌకికవాదులైపోయారు. “బాబూ, అది లేబర్ ఆఫీసు విషయం. దానికీ మతానికీ సంబంధం లేదు” అన్నారు ఒక పెద్దాయన. మిగతావాళ్లు తలలూపారు. అంత ఏకాభిప్రాయం దీపం వెలిగించేటప్పుడు కూడా లేదు. అక్కడ వత్తితోనా, కొవ్వొత్తితోనా అని కాస్త పేచీ వచ్చింది.

అన్నం విషయంలో మాత్రం మనకు వంక పెట్టడానికి లేదు. 2020 లాక్‌డౌన్‌లో హైవే మీద ఒడిశా వైపు నడిచిపోతున్నవాళ్ల చేతిలో పులిహోర పొట్లం, మజ్జిగ ప్యాకెట్ పెట్టినవాళ్లని మీది ఏ మతమని ఎవరూ అడగలేదు. గురుద్వారాలో లంగరు భోజనానికి కూర్చుంటే ఇప్పటికీ ఏ ఊరని అడగరు. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులకు సుమారు రెండు వేల ఏళ్ల కిందటే భోజనశాల ఉండేది. అక్కడ రోమన్ నాణేలు కూడా దొరికాయి, ఎక్కడెక్కడివాళ్లు వచ్చిపోయారో ఏమో. పెట్టడం మనకు కష్టం కాదు. పొట్లం ఇస్తే ఎవరికీ కోపం రాదు కదా. కూలి ఇప్పించాలంటే అది ఎవరో ఒకరి జేబులోంచి రావాలి. ఆ జేబు గుడి గోపురానికీ, చర్చి గంటకీ, మసీదు మైకుసెట్టుకీ చందా రాసిందే అయితే, దాన్ని ధర్మసంకటం అంటారు. ప్రయాణ ఖర్చులతో పాటు నెల జీతంలో సగం అదనంగా ఇవ్వాలని 1979 నాటి వలస కార్మికుల చట్టం చెప్పింది. 2020లో దాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపేశారు. కుర్రాడు అదనం అడగలేదు, అసలే అడిగాడు.

మనకేమీ వలస కొత్త కాదు. 1960ల్లో బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్ల పేరు మీద కంచరపాలెంలో ఇప్పటికీ బర్మా క్యాంపు ఉంది. గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకెళ్లి 2018లో పాకిస్థాన్‌కి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు 2020 జనవరిలో విడుదలైతే, వాళ్లని వలస కూలీలని ఎవరం అనలేదు, మత్స్యకార సోదరులన్నాం. ఇంత అనుభవం ఉంది కాబట్టే టు-లెట్ బోర్డు కింద అంత జాగ్రత్తగా ఉంటాం. పొద్దున సభలో వసుధైవ కుటుంబకం అన్న పెద్దమనిషి, సాయంత్రం బెంగాలీ మాట్లాడే కుర్రాళ్లు గది అడిగితే “మీరేమిట్లు?” దగ్గర మొదలుపెడతారు. తర్వాత ఆధార్, ఆ తర్వాత చేపలు వండుతారా (విశాఖలో!), ఆఖరికి అసలు ఏ దేశం అని. కుటుంబంలో ఆ మాత్రం ఆరాలు సహజం.

ఊరికే వెనక వరసలో కూర్చోవడం బాగుండదని, కార్యదర్శిగారికి ఒక తీర్మానం రాసిచ్చాను. శనివారం సాయంత్రం బట్వాడా వేళకి పంతులుగారు, ఫాదర్‌గారు, ఇమామ్‌గారు, గురుద్వారా జ్ఞానీజీ కలిసి సైటు గేటు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర ఒక గంట కూర్చోవాలి. ప్రసంగం వద్దు, శాలువా వద్దు, కేకలు అసలే వద్దు. నలుగురూ టీ తాగుతూ చూస్తుంటే చాలు, మేస్త్రీకి లెక్క తనంతట తనకే గుర్తొస్తుంది. ఖర్చు నాలుగు టీలు.

కార్యదర్శిగారు రెండుసార్లు చదివారు. ఆలోచన బ్రహ్మాండంగా ఉందన్నారు. గేటు ముందు స్టేజీ వెయ్యడానికి చోటుందో లేదో కనుక్కుంటానని చెప్పి, అనుమతి కోరుతూ బిల్డర్‌గారికి ఉత్తరం రాశారు.